ఎర్ర పిడి స్విచ్చి

మార్చి 9

తమ్ముడూ,

దీవెనలు ఉత్తరం చివర్లో పెడతాను. ముందే ఇచ్చేస్తే అక్కడితో చదవడం ఆపేసే రకం మనిషివి నువ్వు.

క్షేమంగానే చేరాను. బస్టాండుకు వచ్చి టిక్కెట్టు చేతిలో పెట్టి, ఎవరింట్లోనో ఫ్యూజు పోయిందని ఫోను రాగానే పరిగెత్తావు చూడు, ఆ కోపం సగం దారి దాకా ఉంది. తర్వాత నిద్ర పట్టేసింది. బస్సు దిగాక చాలా ఎత్తు ఎక్కాలి. సామాను మోసే మనిషి దొరక్క కుట్టు డబ్బా ఒక చేత్తో, పరుపు చుట్ట ఒక చేత్తో పట్టుకుని, మధ్య మధ్య కూర్చుని నిన్ను తిట్టుకుంటూ ఎక్కాను.

గది బాగుంది. రాతి గోడలు, తూర్పు వైపు ఒక్కటే కిటికీ. ఇంటావిడ మేకలు పెంచుతుంది, అందరూ మేకల పెద్దమ్మ అంటారు, నాకూ పెద్దమ్మే. కరెంటు స్తంభాలు కింద రోడ్డు మలుపులోనే ఆగిపోయాయి. ఆవిడకు ఫోను కూడా లేదు. ఎందుకు లేదని అడిగితే, "ఎవరితో మాట్లాడాలమ్మా, అందరూ ఇక్కడే మేస్తున్నారుగా" అంది. ఇన్నాళ్లకు నాకు సరిపోయిన మనిషి దొరికింది.

తలనొప్పి చాలా తగ్గింది. చెవిలో హోరు లేదు. ప్రెస్సులో ఏళ్ల తరబడి స్క్రీను ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల పెళ్లి కార్డులన్నీ టైపు చేసి, చివరికి ఎవరి జేబులో ఫోను మోగినా మొహం మండిపోయే స్థితికి వచ్చినదాన్ని, ఈ గదిలో కూర్చుంటే నా మొహం నాకు తిరిగొచ్చినట్టుంది. కింద ఊళ్లో టైలరు చిరిగిన బట్టలు కండక్టరు చేత పంపుతున్నాడు. కిటికీ వెలుగులో రఫూ చేసి పంపుతున్నాను. చిరుగు ఎక్కడుందో ఇచ్చినవాడికే తెలియనంత బాగా చేస్తున్నాను, గొప్ప చెప్పుకోవడం కాదు.

పొద్దున్నే వేళ్లు మాత్రం ముడుచుకోవు. కుడి కన్ను కూడా ఎర్రగానే ఉంది. ఏళ్లుగా ఒంటికి పట్టినది వదలాలి కదా, కొంచెం టైం పడుతుంది.

ఒరే, ఇక్కడికొచ్చాక ఒక్కటే వెలితిగా ఉంది, నువ్వు నా మంచం పక్క బిగించిన ఎర్ర పిడి స్విచ్చి. "గోడలో పోయే లైనూ, పంపు మోటారూ, కింద మా ఇంటర్నెట్ డబ్బా అన్నీ దీంట్లోంచే పోతాయి, పడుకునే ముందు దించెయ్ అక్కా" అన్నావు. దించిన మొదటిరోజే నిద్ర పట్టింది. వేళ్ల వాపు, కంటి ఎరుపు మాత్రం పోలేదు. దాన్ని బట్టే నాకర్థమైంది, అవి మీ ఇంటి కరెంటువి కాదు, ఎదురు మేడ మీద సెల్ టవరువి అని. నీ స్విచ్చి మీ ఇంటిని ఆపగలదు గానీ ఎదురింటివాడిని ఆపలేదు కదా. అందుకే ఇంత దూరం వచ్చాను. మీ ఆవిడ మాటల వల్ల వచ్చానని నువ్వు అనుకుంటే అది కూడా కొంత నిజమే.

మన డాక్టరమ్మ దగ్గర ఆ రోజు నా కడుపు మండిపోయింది. రక్తపరీక్షలో ఒంట్లో వాపు ఎక్కువగా ఉందని తనే చెప్పింది, కీళ్ల డాక్టరుకు చీటీ కూడా రాయబోయింది. టవర్ల తరంగాల వల్ల వాపు వస్తుందని అనుమానిస్తున్నారని నేను పేపరు కోసి తీసుకెళ్లి చూపించాను. ఏం చేస్తే తగ్గుతోందని అడిగింది. నీ స్విచ్చి సంగతి చెప్పాను. దాంతో ఆవిడ చీటీ పక్కన పెట్టి, "స్విచ్చితో తగ్గుతుంటే ఇది మనసుకు సంబంధించిందేనమ్మా, మంచిదే, అదే వాడుకోండి" అని నవ్వింది. నువ్వు నా పక్కనే కూర్చుని తల దించుకున్నావు. నా తరఫున సిగ్గుపడ్డావని నాకు తెలుసు. నాన్న పోయాక నన్ను నమ్మినవాడివి నువ్వొక్కడివే.

ఇంకో సంగతి. ఆ వెయిటింగు హాల్లోనే లెక్కల టీచరు ఒకామె పరిచయమైంది. నాలాంటిదే పాపం, క్లాసులో పిల్లల ఫోన్ల మధ్య నిలబడలేక సెలవు పెట్టింది. మా తమ్ముడు మీ ఇంట్లో కూడా అలాంటి స్విచ్చి బిగిస్తాడని మాటిచ్చాను. నీ అడ్రసు ఇచ్చాను. ఆలస్యం చెయ్యకు.

ఇప్పుడు దీవెనలు, నీకూ పిల్లలకూ. మీ ఆవిడకు కూడా, అడిగితే.

అక్క


మార్చి 24

అక్కకి నమస్కారాలు,

నువ్వు ఉత్తరాలే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. బిల్లు పుస్తకం తప్ప ఇంకోటి రాసి ఎన్నేళ్లయిందో. నా అక్షరాలు చూసి పిల్లలు నవ్వుతున్నారు, వైర్లు తెగి వేలాడుతున్నట్టున్నాయట.

తలనొప్పి తగ్గిందంటే సంతోషం. వేళ్లు, కన్ను అశ్రద్ధ చెయ్యకు. కింద ఊళ్లో ఎవరైనా డాక్టరు ఉంటే ఒకసారి చూపించుకో. అన్నిటికీ తరంగాలే అనుకోకు అక్కా. నేను పొద్దున లేచింది మొదలు కరెంటులోనే ఉంటాను, నాన్న జీవితమంతా కరెంటులోనే ఉన్నాడు. మాకేం కాలేదు. పేపర్లో అనుమానం అని రాశారు, నువ్వే చెప్పావు. అనుమానంతో బల్బు వెలగదు.

నాన్నే నిన్ను పాడుచేశాడు. చిన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు మోత విని కరెంటు వస్తోందని నువ్వు ముందే చెప్పేదానివని, టెస్టరు అని పేరు పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆయన వాడిన టెస్టరు కూడా పని నేర్చుకున్న నాకివ్వకుండా నీకిచ్చాడు. దాంతో నువ్వేం చేశావు? డబ్బా మూతలు తీసుకున్నావు. సరే, ఊరికే అన్నాను, మళ్లీ అలగకు.

టీచరు సంగతి. ఇప్పుడు నేను పెద్ద అపార్టుమెంటు వైరింగు ఒప్పుకున్నాను, ఊపిరాడటం లేదు. పైగా ఆ స్విచ్చి అందరి ఇళ్లకూ కుదరదు. వైరింగు ఎలా ఉందో బట్టి ఉంటుంది. ఆమె వస్తే ఏదో ఒకటి చెబుతాలే. నువ్వు ఇంకెవరికీ మాట ఇవ్వకు, నీకో దణ్ణం.

నీ మరదలు నిన్ను అడిగింది. నిజంగానే అడిగింది.

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. "నీ మరదలు నిన్ను అడిగింది" అన్నది రెండుసార్లు చదివాను. "మీ అక్క కోసం మేమంతా చీకట్లో బతకాలా" అని మెట్ల మీద నిలబడి అడిగింది కూడా ఆవిడే కదా. ఆ రోజు నువ్వు కింద బోర్డు దగ్గర ఏదో విప్పుతున్నావు, వినపడనట్టు ఉండిపోయావు.

ఏదో ఒకటి చెబుతానన్నావు టీచరుకు. ఎందుకు? ఒక ఇంట్లో ఒక స్విచ్చి బిగించడానికి అంత ఆలోచన ఏమిటి? నాకు బిగించినప్పుడు ఒక్క పూటలో అయిపోయింది. వీధిలో వాళ్లు పిచ్చివాళ్లకు స్విచ్చిలు బిగించే ఎలక్ట్రీషియన్ అంటారని భయమా? లేకపోతే దానికి కూడా మీ ఆవిడ పర్మిషను కావాలా?

ఇక్కడ నా సంగతి బాగాలేదు. వేళ్లు మధ్యాహ్నం దాకా కదలడం లేదు. కుడి కంట్లో పొగ కమ్మినట్టుంది, వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుంది. కిటికీ దగ్గర కూర్చోక తప్పదు, కూర్చుంటే కన్ను తెరవలేను. ఎవరిదో మంచి కోటు వచ్చింది, మోచేతి దగ్గర చిరుగు. దారం ముదురు నీలం అనుకుని నల్లదానితో రఫూ చేశాను. టైలరు దాన్ని వెనక్కి పంపాడు. చీటీ కూడా పెట్టలేదు, తిట్టినా బాగుండేది. ప్రెస్సు పని ఎలాగూ పోయింది. ఇది కూడా పోతే నేను చెయ్యగలిగినది ఇంకేమీ లేదు, నాకది బాగా తెలుసు.

పెద్దమ్మ డాక్టరు డాక్టరు అంటోంది. పట్నం ఆసుపత్రిలో అడుగడుక్కీ ట్యూబ్‌లైట్లు, మిషన్లు, అందరి చేతుల్లో ఫోన్లు. అంతా భరించి లోపలికి పోతే ఇంకో డాక్టరమ్మ నవ్వుతుంది. ఒకసారి నవ్వించుకున్నాను, చాలు.

నాకు ఒకటి తోస్తోంది. కొండ అవతల ఏదో పెట్టారు. ఇక్కడ కరెంటే లేదు, అయినా ఒళ్లు ఇంత వాస్తోందంటే ఎక్కడి నుంచో తగులుతున్నట్టే. మీ ఇంట్లో నీ స్విచ్చి కొంతైనా కాపాడింది, ఇప్పుడు అదీ లేదు. పైన మేకల కోసం కట్టిన పాక ఖాళీగా ఉంది. వానలు మొదలయ్యేలోపు అక్కడికి మారిపోతాను. అక్కడి నుంచి కిందికి దిగడం కష్టమే, ఉత్తరాలు కూడా ఎప్పుడో గానీ రావు. నాకేం నష్టం లేదు.

టీచరు ఇంటికి వెళ్లు. ఈ ఒక్కటీ చెయ్యి నా కోసం. నిన్ను నమ్మి చెప్పాను ఆమెకు.

అక్క


మే 3

అక్కా,

మీ టీచరు వచ్చింది. వాళ్లాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. మేం అన్నం తింటున్నాం. గుమ్మంలోనే నిలబడి, మీ అక్కగారు అంతా చెప్పారు, మా ఇంట్లో కూడా పెట్టండి అని రెండు చేతులూ జోడించింది. కుదరదన్నాను. ఎందుకు కుదరదు అంది. వైరింగు అన్నాను. మా ఇల్లు మీ ఇంటి కన్నా కొత్తది అంది. లెక్కల టీచరు కదా, వదలదు. చివరికి ఏడుపు మొదలుపెట్టింది. వాళ్లాయన నన్ను చూసిన చూపు ఇంకా నా మొహం మీదే ఉంది. వాళ్లు వెళ్లాక నీ మరదలు కంచం ముందు నుంచి లేచి పోయింది. ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది, నేను పెళ్లాం కొంగు పట్టుకుని తిరిగేవాడినని.

ఇంక నా వల్ల కాదు. విను.

ఆ స్విచ్చిలో ఏమీ లేదు. నాలుగు మేకులతో గోడకు బిగించిన ఇనుప డబ్బా అది. దాంట్లోకి వైరు వచ్చిందీ లేదు, దాంట్లోంచి పోయిందీ లేదు. సామాన్ల గదిలో పడి ఉన్న పాత మెయిన్ స్విచ్చి డబ్బాకు ఎర్ర రంగు వేసి తెచ్చి పెట్టాను. నువ్వు రోజూ ఠక్కున దించేదానివి. కింద పంపు ఆడుతూనే ఉండేది, ఇంటర్నెట్ పిల్లలు వాడుతూనే ఉండేవాళ్లు, పెద్దవాడి చదువంతా దాంట్లోనే ఉంది మరి. గోడలో లైను పొద్దస్తమానం లైవుగానే ఉండేది. నువ్వు హాయిగా నిద్రపోయేదానివి.

నేను మోసం చెయ్యాలని చెయ్యలేదు. నువ్వు గోడలు తడుముతూ తిరుగుతుంటే చూడలేకపోయాను. డాక్టరు మాత్రలు ఇస్తే పారేశావు. ఇది మింగావు. పనిచేసింది కూడా. నీకు ఉన్నదల్లా భయం అక్కా, కరెంటు కాదు. పైన పాకలోకి పోతే పాకలో కూడా తగులుతుంది, ఎందుకంటే నువ్వు మోసుకుపోయేదే అది.

నీ మరదలు మొదటి నుంచీ వద్దంటూనే ఉంది. ఈ అబద్ధం చెప్పద్దని నాతో దెబ్బలాడింది. నువ్వు నమ్మాలని కింద దీపాలు ఆర్పమన్నాను, చీకట్లో బతకాలా అన్నది ఆ దెబ్బలాటలోనే. సగం విని నువ్వు ఆమె మీద కోపం పెట్టుకున్నావు.

ఇప్పుడు కొండ ఎక్కుతావో దిగుతావో నీ ఇష్టం.

తమ్ముడు


మే 17

ఎలక్ట్రీషియన్ గారికి,

ఉత్తరం అందింది.

అయితే నేను పిడి దించినప్పుడల్లా చప్పుడు కిందికి వినపడేది. మీ చిన్నది పైకప్పు వైపు చూసి నవ్వేది. నేను మెట్లు దిగి వచ్చినప్పుడు ఒకసారి చూశాను. అత్తను చూసి ముద్దుగా నవ్వుతోంది అనుకుని దగ్గరికి తీసుకున్నాను.

నాన్న మనిద్దరికీ మొదట నేర్పిన పని ఏమిటి? స్విచ్చి ఆపినా సరే, ఆపేశామని ఎవరు చెప్పినా సరే, టెస్టరు పెట్టి చూడకుండా వైరు ముట్టుకోవద్దని. నువ్వు బయట ఎవరి ఇంటికి వెళ్లినా ఇప్పటికీ అదే చేస్తావు. నా దగ్గర ఆయన టెస్టరు ఉంది. అన్ని రోజులు నా దిండు కింద ఉంది. ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు. తమ్ముడు బిగించింది కదా అనుకున్నాను.

మరదలికి నా తరఫున చెప్పు, ఆమెను తప్పుగా అనుకున్నాను. ఆ ఇంట్లో నాకు నిజం చెప్పాలని అనుకున్నది ఆమె ఒక్కతే.

నువ్వు ఇంక రాయకు.

(సంతకం అక్కర్లేదు, అక్షరాలు గుర్తుపడతావు.)


జూన్ 22

అక్కా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. దీనికి ముందు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. చింపేశావా, పాకలోకి మారిపోయావా, అందలేదా ఏమీ తెలియడం లేదు. కండక్టరును అడిగితే, ఆవిడ బట్టలు పంపడం మానేసిందండీ అన్నాడు. అప్పటి నుంచి కంచం ముందు కూర్చోలేకపోతున్నాను.

ఆ ఉత్తరం కోపంలో రాశాను. టీచరు ఏడ్చిన కోపం, నీ మాటల కోపం అన్నీ కలిసి రాశాను. నువ్వు పిచ్చిదానివని నేను ఏనాడూ అనుకోలేదు. అనుకుంటే ఆసుపత్రిలో పడేసి చేతులు దులుపుకునేవాడిని. నీకు నిద్ర పట్టాలని చేశాను, అంతే. తెల్లారి కిందికి వచ్చి ఒరే బాగా పట్టిందిరా అని నువ్వు అంటే, నాకు ఎంత బాగుండేదో తెలుసా? నాన్న ఎప్పుడూ నీ మాటే చెప్పేవాడు. నా పనిని మెచ్చుకున్నది మన ఇంట్లో నువ్వొక్కదానివే, అది కూడా నేను చెయ్యని పనికి.

ఆదివారం కూర్చుని పై గది మొత్తం తవ్వేశాను. నీ మంచం వెనక గోడ పగలగొట్టి, లైను అంతా ఆ ఎర్ర పిడి డబ్బాలోకి తెచ్చి కలిపాను. ఇప్పుడు నిజం స్విచ్చి అది. దించితే పంపు ఆగుతుంది, ఇంటర్నెట్ ఆగుతుంది, కింద దీపాలు కూడా పోతాయి. పిల్లలు అరిచినా ఊరుకోను. గోడ మీద సున్నం నీ మరదలే వేసింది.

వచ్చెయ్యి అక్కా. వచ్చి నీ టెస్టరుతోనే చూసుకో.

తమ్ముడు


సెప్టెంబరు 11

తమ్ముడూ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. చింపలేదు. పెద్దమ్మ చేత చదివించుకున్నాను. ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది, నీ అక్షరాలు చూసి ఆవిడకు కూడా నవ్వొచ్చింది. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. వరసలు కిందికి జారిపోతుంటాయి, ఏమీ అనుకోకు. ఒక కంటితో చూస్తే కాగితం వంకరగా కనపడుతుంది.

పాకలోకి వెళ్లలేదు. నీ మే నెల ఉత్తరం చదివాక మంచం మీద పడి ఉన్నాను, మొదట ఏడుపు, తర్వాత కోపం. కోపం కాస్త చల్లారాక ఒక ఆలోచన వచ్చింది. ఆ డబ్బా దించితే నా తలనొప్పి పోయింది, నిద్ర పట్టింది. డబ్బాలో ఏమీ లేదు. కాబట్టి తలనొప్పి నా నమ్మకం మాట విన్నది. సరే, సిగ్గుగా ఉన్నా ఒప్పుకున్నాను. మరి వేళ్లు? కన్ను? అవి ఒక్కరోజు కూడా వినలేదు. అవి నేను ఏది నమ్మినా పట్టించుకోలేదు. అయితే అవి వేరే జబ్బు. ఎదురు మేడ టవరూ కాదు, కొండ అవతలిదీ కాదు. ఇంత చిన్న లెక్క నాకు తెలియకుండా పోయింది, ఎందుకంటే ఆ స్విచ్చి నిజమని అనుకుని మిగతాదంతా కట్టుకుంటూ వచ్చాను. మొదటి రాయే బోలు.

పెద్దమ్మను వెంటబెట్టుకుని పట్నం వెళ్లాను. ట్యూబ్‌లైట్ల కింద తల పగిలిపోయింది, అయినా కూర్చున్నాను. కంటి డాక్టరు చిన్నవాడు, నీ పెద్దకొడుకు కన్నా కొంచెం పెద్ద అంతే. కంట్లోకి లైటు వేసి రెండుసార్లు చూశాడు. ఒంటిని కాపాడాల్సినది ఒంటి మీదికే తిరగబడే జబ్బట. కీళ్లలో ఉన్న వాపూ కంట్లో ఉన్న వాపూ ఒకటేనట. మొదట్లో వస్తే చుక్కల మందుతో అణిగేది అన్నాడు. ఇప్పుడు కుడి కంట్లో లోపల అతుక్కుపోయింది, ఆ చూపు రాదు. ఎడమ కన్ను, వేళ్లు నిలబెట్టుకోవచ్చు, ఇంజెక్షన్లు మానకుండా వేసుకుంటే.

తరంగాల వల్ల ఇలా వస్తుందా అని అతన్నీ అడిగాను. నవ్వలేదు. "అలా అనుమానించేవాళ్లు ఉన్నారమ్మా, రుజువు కాలేదు. చెప్పకుండా ఆన్ చేసి ఆఫ్ చేసి పరీక్షలు పెడితే, ఏది ఎప్పుడో పోల్చుకోగలిగినవాళ్లు కనపడలేదు. కానీ మీ నొప్పి అబద్ధం కాదు. ఇంత వాపు ఇన్నాళ్లు ఒంట్లో రగులుతుంటే తలనొప్పి, నిద్ర లేకపోవడం, వెలుతురు పడకపోవడం అన్నీ వస్తాయి" అన్నాడు. ఇన్నేళ్లలో నాకు అర్థమయ్యేలా చెప్పినవాడు అతనే. చెప్పించుకోవడానికి ఒక కన్ను పోయింది.

తర్వాత పాత పరీక్షలు తిరగేసి, "వాపు ఉందని ముందే తెలిసిందిగా, కీళ్ల డాక్టరుకు ఎందుకు పంపలేదు" అని అడిగాడు. స్విచ్చితో తగ్గుతోందని నేనే చెప్పానన్నాను. ఏం స్విచ్చి అన్నాడు. చెప్పాను. అది ఉత్త డబ్బా అని కూడా చెప్పాను. అప్పుడు అతను అడిగాడు, "ఆ రోజు డాక్టరు గదిలో మీతో ఎవరైనా ఉన్నారా? అది ఉత్త డబ్బా అని తెలిసినవాళ్లు?"

ఉన్నాడన్నాను.

"మరి ఒక్క మాట చెబితే సరిపోయేదే. ఉత్త డబ్బాకు తగ్గినది ఏది, తగ్గనిది ఏది అని ఆవిడ విడదీసి చూసేది. ఎందుకు చెప్పలేదు?"

మా తమ్ముడికి నేనంటే చాలా ప్రేమ అని చెప్పాను. అది వెటకారం కాదురా. నిజమే చెప్పాను. అతను మందులు రాయడం మొదలుపెట్టాడు. నువ్వు ఆ రోజు నా పక్కన తల దించుకున్నది నా తరఫున సిగ్గుపడి కాదని అక్కడ, ఆ కుర్చీలో తెలిసింది.

నిన్ను తిట్టి ఏం లాభం అని పెద్దమ్మ అంటుంది. లాభం కోసం తిడతామా? పొద్దున లేచి కుడి పక్క గ్లాసును చెయ్యి తగిలి పడేసినప్పుడల్లా తిట్టుకుంటున్నాను. డాక్టరమ్మను తిట్టుకుంటున్నాను, పేపరు ముక్క పట్టుకుని వాదించిన నన్ను కూడా తిట్టుకుంటున్నాను. నీ వంతు నీకు వస్తోంది, తక్కువ రావడం లేదు.

ఆ ఇంజెక్షన్లు చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ కావాలి. ఫ్రిజ్ కావాలంటే కరెంటు కావాలి. నవ్వుకో. కరెంటు నుంచి పారిపోయి వచ్చినదాన్ని, కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగి, రోడ్డు మలుపు నుంచి ఇక్కడికి స్తంభాలు వేయించుకున్నాను. పెద్దమ్మకు కూడా ఒక బల్బు వచ్చింది, మేకలు దాన్ని చూసి బెదిరిపోతున్నాయి. వైరింగుకు నిన్ను పిలవాలని ఒక్క క్షణం అనిపించింది. కింద ఊరి కుర్రాడిని పిలిచాను. బిగించడం అయ్యాక మూత విప్పి చూపించమన్నాను. వైరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది, అన్నీ చూపించాడు. దించమన్నాను, నాన్న టెస్టరు పెట్టాను, వెలగలేదు. ఎత్తమన్నాను, వెలిగింది. అతనికి కోపం వచ్చింది, నా మీద నమ్మకం లేదా అమ్మా అన్నాడు. నీ మీద కాదు నాయనా అన్నాను.

నువ్వు సంతోషపడతావేమో, చెబుతున్నాను విను. ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడు తలనొప్పి ఇప్పటికీ వస్తుంది. అది భయమో, వాపో, నిజంగా ఏదైనా ఉందో నాకు తెలియదు. తెలిసినట్టు ఎవరూ నాకు ఇంక చెప్పకుండా ఉంటే చాలు. మాత్ర వేసుకుని పడుకుంటాను. రఫూ పని మానేశాను. బొత్తాలు కుట్టగలను, పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించి ఇస్తుంది.

ఆ పై గదిలో గోడ పగలగొట్టి నిజం స్విచ్చి పెట్టావు చూడు, దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. పిల్లల చదువు పాడుచెయ్యకు, విప్పేసి లైను మామూలుగా కలిపెయ్యి. నేను ఆ గదికి రాను. ముందు ఆ టీచరు ఇంటికి వెళ్లు. ఏమీ బిగించడానికి కాదు. నాకు పెట్టిన డబ్బాలో ఏమీ లేదని చెప్పు, మా అక్కకు లోపల ఇంకో జబ్బు ఉండిందని చెప్పు, రక్తపరీక్ష చేయించుకోమని చెప్పు. ఏడిస్తే ఏడవనీ. తలుపు దగ్గర నుంచే తిరిగి రాకు.

తర్వాత నన్ను చూడాలనిపిస్తే రా. మరదలినీ పిల్లల్నీ తీసుకురా, చిన్నదానికి మేకపిల్లలు చూపిస్తాను. దాని మీద నాకేం కోపం లేదు, పెద్దవాళ్లు నవ్వమంటే నవ్వింది. నీ మీద ఉంది. ఉన్నా సరే రా, మొహం చూడక చాలా రోజులైంది, ఈ మిగిలిన కన్ను బాగా పనిచేస్తుండగానే చూడాలని ఉంది.

నీ పనిముట్ల సంచి మాత్రం ఇంట్లో పెట్టి రా.

అక్క